కంట్రోల్ రూమ్‌లో ఒక్క కుర్చీ

కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి ఏసురత్నం లేచి నిలబడ్డాడు.

"తిని మాట్లాడు నాయినా. అన్నం ముందర నుంచి లేస్తే ఎట్ల?" అంది తల్లి పొన్నమ్మ.

"నాకు దిగదు మా. బావనే తినమను. ఉద్యోగం మిగిలింది ఆయనకొక్కడికే కదా."

రాజమాణిక్యం తల ఎత్తలేదు. ఇరవై ఏళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా బయటికి వచ్చిన మనిషి. అరిచే అధికారి ముందు ఎలా నిలబడాలో ఆయనకు బాగా తెలుసు. అరిచే బావమరిది ముందు ఎలా కూర్చోవాలో మాత్రం ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు పాపం.

"నిన్న గోడౌన్ గేటు కాడ మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి మెడలో డ్యూటీ కార్డులు తీసుకున్నారు," అన్నాడు ఏసురత్నం, అక్క సెల్వి వైపు తిరిగి. "తీసుకున్నది యెవురో తెలుసా కా? నీ మొగుడు."

వంటింటి గడపలో ఉన్న సెల్వి భర్త వైపు చూసింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. నిన్న సాయంత్రం తిరువళ్ళూరు నుంచి వచ్చి తిరుత్తణిలో రైలు దిగిన మనిషి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని, టీ తాగి, కూతురితో రెండు మాటలు మాట్లాడి పడుకున్నాడు. అంతే.

"అవునా?" అంది.

"మా మేనేజరు సింధూరా మేడమ్ తీసుకోమనింది," అన్నాడు రాజమాణిక్యం.

"ఆ మేడమ్ చెప్తే తీసేసుకుంటావా? పళ్ళిపట్టు, అత్తిమంజేరిపేట, ఊరూరూ తిరిగి, రాండిరా మిలిటరీవాళ్ళమంతా ఒక తావ ఉందాము అని పిల్చుకోని పోయినవాడివి నువ్వు. నిన్ను నమ్మే కదా ఆ గోడౌన్‌కు వచ్చింది?"

"ఆర్డరు ఏసూ అది. నేను తీసుకోకుంటే ఇంకొకడు తీసుకుంటాడు. ఇంకొకడు మీ మెడ మీద చెయ్యి పెట్టేది నాకు ఇష్టం లేకపోయె."

ఆ మాటకు ఏసురత్నం ఒక క్షణం తగ్గాడు. కానీ కోపంగా ఉన్నవాడికి మంచిమాట వినిపించినా మింగుడుపడదు. వెంటనే ఇంకోవైపు నుంచి వచ్చాడు.

"సరే, కార్డు సంగతి వదిలేయ్. ఆ కెమెరాకు పని నేర్పించింది యెవురు?"

చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో అందరికీ తెలుసు.

కొత్త కెమెరాలు బిగించడానికి మద్రాసు నుంచి కుర్రాళ్ళు ల్యాప్‌టాపులతో దిగినప్పుడు ఎవరూ భయపడలేదు. ఆ కుర్రాళ్ళు నవ్వుతూ అడిగారు, "మీరంతా ఆర్మీ కదా సార్, మా కెమెరా కన్నుగప్పి గోడ దాటి రాగలరా?" అని. అంతే, సరిపోయింది. ఏళ్ళ తరబడి లారీలకు గేటు ఎత్తి దించుతూ, కార్లలో వచ్చేవాళ్ళకు సెల్యూట్ కొడుతూ నిలబడ్డవాళ్ళు వాళ్ళంతా. మీకేం వచ్చు అని వాళ్ళను అడిగిన మొదటి మనుషులు ఆ కుర్రాళ్ళే.

మోచేతుల మీద పాకారు. గోనెసంచులు కప్పుకొని కదిలారు. మొహాలకు బురద పూసుకొని మురికికాలవ వెంబడి వచ్చారు. మొదట్లో కెమెరాకు ఒక్కడూ కనబడలేదు. చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నారు. అందరికన్నా ముందు పాకిందీ, ఆ సాయంత్రం అందరికీ టీ, బజ్జీ ఇప్పించిందీ రాజమాణిక్యమే. "సూపర్ సార్, రేపు ఇంకో రకంగా రాండి," అనేవాళ్ళు ఆ కుర్రాళ్ళు. వీళ్ళు ఇంకో రకంగా వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతి రకమూ ఆ యంత్రం నేర్చుకుంది. తమకు తెలిసిన విద్యంతా అయిపోయేసరికి, పిల్లి గోడ ఎక్కినా అది చెప్పేస్తోంది. ఇక కాపలా మనుషులతో పనేముంది?

అక్కడ కాపలా కాసింది కూలివాళ్ళే అయితే, కెమెరా చూడకపోతే నాకేం అని ఊరుకునేవాళ్ళు. వీళ్ళకు ఓడిపోవడం ఇష్టం లేకపోయింది. గెలిచి గెలిచి పోగొట్టుకున్నారు.

"నాకు తెలీదు ఏసూ," అన్నాడు రాజమాణిక్యం చివరికి. "చానా రోజులకు ఒకరు వచ్చి మనకు చేతనైంది అడిగినారు. సంతోషమైపోయింది. అంతకుమించి నాకు ఆలోచన లేదు."

ఏసురత్నం తన మోచేతుల వైపు చూసుకున్నాడు. గీసుకుపోయిన మచ్చలు ఇంకా ఉన్నాయి. ఆ సంతోషంలో తనకూ వాటా ఉంది. అది గుర్తొచ్చేసరికి ఏడుపు వచ్చింది, ఏడుపు రాకుండా మళ్ళీ అరిచాడు.

"కంట్రోల్ రూమ్‌లో ఆ కెమెరాలు చూసేదానికి ఒక్క కుర్చీ ఉందంట కదా. అది నీకా?"

"ఇంకా ఇయ్యలేదు. ఫోనులో ఆ మిషనుతో మళ్ళీ ఇంటర్వ్యూ ఉంది. ఈ పొద్దు చీకటి పడేలోపల చెయ్యాల."

"నాకు రెండో ఛాన్సు లేదు బావా. నన్ను ఆ మిషను మొదటిసారే తోసేసింది. నీకేమో మేడమ్ పిలిచి ఇస్తా ఉంది."

"ఏసూ, నేను వద్దని చెప్పేస్తా. ఆ కుర్చీ నీకిమ్మని అడుగుతా."

"అడిగితే ఇచ్చేదానికి అది మనిషైతే కదా!" ఏసురత్నం చెంబులో నీళ్ళు చేతి మీద పోసుకొని, తుండు విదిలించి భుజాన వేసుకున్నాడు. "నువ్వు కూర్చో బావా. నువ్వన్నా కూర్చో. నన్ను మాత్రం ఇంక ఈ ఇంటికి పిలవద్దు."

వీధిలో ఆడి కృత్తిక తిరునాళ్ళ జనం. కావడి మోసేవాళ్ళు, పంబ వాయించేవాళ్ళు, పసుపు బట్టల వాళ్ళు, కొండ వైపు సాగిపోతున్నారు. ఆ గుంపులో పడి ఏసురత్నం కనబడకుండా పోయాడు.

పొన్నమ్మ కొడుకు వదిలిన పళ్ళెం తీసింది. గోడ మీద యూనిఫారంలో నవ్వుతున్న పెద్దకొడుకు ఫోటో వైపు చూసింది.

"నా మునిరాజు ఉండింటే వీళ్ళిద్దర్నీ ఒక తావ కూర్చోపెట్టి తినిపించేవాడు," అంది. "పుణ్యాత్ముడు. ఆ మంచులో నిద్రలోనే పోయినాడు. కష్టం తెలీకుండా పోయినాడు. అది ఒకటే నాకు నిబ్బరం. అంతే కదా మాపిళ్ళా?" అని అల్లుడి వైపు తిరిగింది.

శవపెట్టెతో పాటు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పింది రాజమాణిక్యమే. ఇద్దరూ ఒకే పటాలం. మునిరాజు పోయి పన్నెండేళ్ళయింది. ఆమె ఎప్పుడడిగినా అల్లుడు ఒకటే జవాబు చెబుతాడు.

"అవును అత్తా," అన్నాడు.

ఆమె బిందె తీసుకొని వీధిలోకి వెళ్ళింది. ఈ కుటుంబానిది చర్చి దారి, కావడి దారి కాదు. అయినా ఎండలో నడిచి వచ్చేవాళ్ళకు ఏటా ఇంటి ముందు నిలబడి నీళ్ళు పోస్తుంది పొన్నమ్మ. దాహానికి ఏ దేవుడైతేనేం అంటుంది.

*

"నేను చెయ్యను సెల్వీ," అన్నాడు రాజమాణిక్యం.

సెల్వి వినిపించనట్టు గిన్నెలు సర్దుతోంది.

"వాళ్ళంతా ఇంట్లో కూర్చుంటే నేను పొయ్యి ఆ ఏసీ రూములో కూర్చునేదా? మొహం యాడ పెట్టుకునేది? పెన్షన్ వస్తాది. తిండికి కరువు లేదు."

"తిండి సంగతి యెవురు అడిగినారు?"

గిన్నె కింద పెట్టి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఈ ఇంట్లో మాటలకన్నా ఇలాంటి కూర్చోవడాలకే అతను భయపడతాడు.

"ఈ గోడౌన్‌కు ముందర ఉద్యోగం పోయినప్పుడు నువ్వేమి చేసినావు?"

"ఏమి చేసినాను?"

"పొద్దున్నే లేచి బూట్లు తుడుచుకోని, చొక్కా ఇస్త్రీ చేసుకోని, టిఫిన్ డబ్బా తీసుకోని పోతా ఉంటివి. యాడికి?"

రాజమాణిక్యం కిటికీ వైపు చూశాడు.

"స్టేషన్‌కు," అంది సెల్వి. "ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చునేవాడివి. వచ్చే రైలు, పోయే రైలు చూసుకుంటా. మధ్యాన్నం డబ్బా తినేవాడివి. సాయంత్రం తిరువళ్ళూరు రైలు వచ్చినాక ఆ జనంలో కలిసి ఇంటికొచ్చేవాడివి. డ్యూటీ ఎట్ల జరిగింది అంటే, జరిగింది అనేవాడివి."

"నీకు ఎట్ల..."

"టిక్కెట్టు కౌంటరు కాడ పూలమ్మే ఆమె చెప్పింది. ఒకరోజు నేనూ వచ్చి చూసినా. స్తంభం వెనక నిలబడి చూసి, ఏడ్చుకోని వచ్చేసినా."

"మరి డబ్బా ఎందుకు కట్టిస్తివి?"

"కట్టియ్యకుంటే? నీకు తెలిసిపోతాది కదా, నాకు తెలుసని."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తన భర్త ఏడవడం సెల్వి ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. వేళ్ళ వెనక ఏముందో ఆమె అడగలేదు.

"నలభై మూడేళ్ళు నీకు," అంది. "ఇంకా ఎన్నేళ్ళు బతకాల మనిషి? అన్నేళ్ళూ ఆ బెంచీ మీద కూర్చుంటావా? నేను మళ్ళీ ఆ డబ్బా కట్టలేనయ్యా. నా చేతకాదు. ఏసు కోపం నాలుగురోజులుంటాది, నేను పొయ్యి వాని కాళ్ళు పట్టుకోనైనా పిల్చుకోని వస్తా. నువ్వు ఇంటర్వ్యూకు కూర్చో."

ఫోన్ మోగింది. గోడౌన్ మేనేజరు సింధూర. మనసు మంచిదే ఆ అమ్మాయిది. అధికారం మాత్రం లేదు.

"సార్, ఇదు దాన్ లాస్ట్ ఛాన్స్," అంది తమిళంలో. "ఇదే ఆఖరు. రాత్రికి లింకు మూసుకుపోతుంది. నేను తీసుకునేదే అయితే నిన్ననే మిమ్మల్ని తీసుకునేదాన్ని సార్. ఆ మిషను మార్కు వెయ్యకపోతే నా మాటకు విలువ లేదు. పోయినసారిలాగా చేయవద్దు సార్, ప్లీజ్. నోరు విప్పి చెప్పండి."

పోయినసారి ఏం జరిగిందంటే, యంత్రం మర్యాదగానే అడిగింది. మీరు ఎక్కడ పనిచేశారు అంటే, ఉత్తర సరిహద్దు, అంతకుమించి చెప్పేదానికి లేదు అన్నాడు. ఏ పరికరాలు వాడారు అంటే, అది బయట చెప్పకూడదు అన్నాడు. మీ జట్టులో ఎంతమంది అంటే, ఆ సంగతి ఎందుకు అని ఎదురు అడిగాడు. శత్రువు చేతికి చిక్కినా ఇంతకన్నా గట్టిగా నిలబడి ఉండడు. "వివరాలు చాలవు" అని ఫలితం వచ్చింది.

"గోడౌన్‌లో ఉండేది సబ్బులు, షాంపూలు," అని ఆరోజే తల పట్టుకుంది సెల్వి. "దానికి దేశం గుట్టు ఎందుకయ్యా? చెప్పేస్తే దేశం మునిగిపోతాదా?"

"చెప్పకూడదని ప్రమాణం చేసినాము సెల్వీ," అన్నాడు అప్పుడు. రిటైరైతే ప్రమాణం కూడా రిటైరవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

కాలేజీ నుంచి ప్రియంక వచ్చింది. కంప్యూటర్ సైన్సు ఆఖరు సంవత్సరం. బ్యాగు దించకుండానే తండ్రి ముందు ఫోను పెట్టింది.

"నాయినా, నేను జవాబులు రాయించి పెట్టినా. వింటావా? 'క్లిష్ట పరిస్థితుల్లో నేను ఒక బృందానికి నాయకత్వం వహించి, సకాలంలో నిర్ణయం తీసుకొని, అందరినీ సురక్షితంగా తీసుకొచ్చాను.'"

"ఇది యెవురు చేసినారు?"

"యెవురూ చెయ్యలేదు నాయినా. అట్ల చెప్పాల."

"చెయ్యంది ఎట్ల చెప్పేది?"

"అందరూ చెప్తారు! అడిగేదీ మిషనే, జవాబు రాసిచ్చేదీ మిషనే. మధ్యలో నువ్వు నోరు కదిలిస్తే చాలు."

రాజమాణిక్యం ఆ జవాబును రెండుసార్లు చదివాడు. అందరినీ సురక్షితంగా తీసుకొచ్చాను అనే చోట అతని పెదాలు ఆగిపోయాయి. ఫోను కూతురికి తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నా నోట్లో రాదు పాపా. నేను చేసిందే చెప్తా. చెప్పేస్తా, సరేనా? ఈసారి ఏదీ దాచను."

సెల్వి భర్త వైపు చూసింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆశ కలిగింది.

*

కిటికీలు మూశారు. పంబల మోత కొంచెం తగ్గింది. రాజమాణిక్యం తెల్లచొక్కా వేసుకొని, నీటుగా దువ్వుకొని, వెన్ను నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

ఫోను నిలబెట్టడానికి ఏమీ దొరకలేదు. స్టూలు మీద పుస్తకాలు పేర్చి పెడితే జారిపోయింది. చివరికి సెల్వి ఎదురుగా కూర్చొని రెండు చేతులతో పట్టుకుంది.

"మా, నువ్వు కెమెరాలో పడకూడదు. నోరు తెరవకూడదు," అంది ప్రియంక. "రూములో ఇంకొకరి గొంతు వినిపిస్తే యెవురో చెప్పిస్తా ఉండారని రద్దు చేసేస్తాది. ఇంక ఛాన్సు ఉండదు. ఎంత తప్పు చెప్పినా నువ్వు మాట్లాడొద్దు."

"నేనెందుకు మాట్లాడతా?"

"నువ్వు నాయిన పక్కన ఊరుకున్న రోజు ఉందా?" అని నవ్వి, లోపలికి ఎవరూ రాకుండా వీధి తలుపు దగ్గర కాపలాకు వెళ్ళింది ప్రియంక.

ఫోనులో నుంచి తియ్యని ఆడగొంతు తమిళంలో పలకరించింది. జవాబులు తమిళంలోనే చెప్పాలని గుర్తుచేసింది. పేరు అడిగింది, వయసు అడిగింది. ఎక్కడ పనిచేశారని అడిగింది. రాజమాణిక్యం గొంతు సవరించుకొని రాష్ట్రం పేరు చెప్పాడు. ఆ పోస్టు ఎంత ఎత్తులో ఉందో చెప్పాడు. తాను రేడియో ఆపరేటరునని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినవాడిలా భార్య వైపు చూశాడు. సెల్వి తల ఊపుతూ, చెప్పు చెప్పు అని కళ్ళతోనే తోసింది.

"కంట్రోల్ రూమ్‌లో మీరు దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడాల్సి ఉంటుంది," అంది ఆ గొంతు. "ప్రమాదంలో ఉన్న ఒక మనిషితో మీరు దూరం నుంచి మాట్లాడిన సందర్భం ఒకటి చెప్పండి. అప్పుడు మీరేం చేశారు?"

రాజమాణిక్యం మోకాళ్ళ మీద చేతులు సర్దుకున్నాడు.

మళ్ళీ అదే మాట అంటాడేమో, చెప్పేదానికి లేదు అంటాడేమో అనుకుంది సెల్వి. కళ్ళు పెద్దవి చేసి బతిమాలింది.

"ఒక మనిషి ఉండినాడు," అన్నాడతను తమిళంలో. "పైపోస్టు నుంచి ముగ్గురు దిగి వస్తా ఉండిరి. మంచు విరిగి పడింది. ఇద్దరు వచ్చి చేరినారు. ఒకడు రాలేదు. వాని దగ్గిర రేడియో ఉండింది. కింద సెట్టు ముందర నేను కూర్చోని ఉంటిని."

సెల్వి ఊపిరి వదిలింది. చెబుతున్నాడు! ఆపకుండా చెబుతున్నాడు. ఆ యంత్రానికి కావలసింది ఇదే. ఇన్నేళ్ళుగా తనతో ఒక్క ముక్క చెప్పని మనిషి, మొహం లేని ఒక గొంతుకు చెప్పగలుగుతున్నాడు. అందుకు కొంచెం నొప్పి పుట్టినా, సంతోషమే ఎక్కువ కలిగింది.

"రేడియోలో పేర్లు చెప్పకూడదు. సొంత భాష మాట్లాడకూడదు. వాడు రెండూ మరిచిపోయినాడు," అన్నాడు రాజమాణిక్యం. అతని చూపు ఫోను మీద లేదు, సెల్వి మీద లేదు. "బావా, అని పిలిచినాడు."

సెల్వి చూపు గోడ మీది ఫోటో వైపు పోయింది.

ఆ పటాలంలో తన భర్తను బావా అని పిలిచేవాడు ఒక్కడే.

ఆ మాటతో రాజమాణిక్యం తమిళంలోంచి తెలుగులోకి వచ్చేశాడు. వచ్చినట్టు అతనికి తెలియలేదు.

"బావా, కాలు ఇరుక్కొనింది, వస్తా ఉండారా, అనినాడు. నేను మా ఆఫీసరు సాబు వైపు చూసినా. సాబు వద్దని తల ఊపినాడు. మంచు నిలిచేదాకా యెవురూ బయటికి పోకూడదు, పోతే ఇంకా నలుగురు పోతారు అనినాడు. సాబును అనేదానికి లేదు. మంచి ఆర్డరే అది. నేను సెట్టు నొక్కి, వస్తా ఉండాము రా, బయలుదేరినాము, అంటిని."

"మన్నించండి," అంది ఆ గొంతు. "దయచేసి మీరు ఎంచుకున్న తమిళ భాషలో సమాధానం చెప్పండి."

అతను వినలేదు.

"కొంచెం సేపటికి మళ్ళీ అడిగినాడు, యాడిదాకా వచ్చినారు బావా అని. వంపు దాటినారు అంటిని. యెవురూ దాటలేదు. అందరూ నా వెనకే నిలబడి ఉండిరి. వాడు నిజమనుకున్నాడు. నిజమనుకోని దారి చెప్పేదానికి మొదలుపెట్టినాడు. బావా, ఎడమ పక్క రావద్దండి, మంచు మెత్తగా ఉంది, లోపలికి దిగిపోతారు. కుడి పక్క బండ పట్టుకోని రాండి, నిదానంగా రాండి, నాకేమీ తొందర లేదు, అని. అట్లనే వస్తా ఉండాము అంటిని. చెప్పినంతసేపు చెప్పినాడు వాడు, జాగ్రత్త జాగ్రత్త అని."

సెల్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది. ఫోను ఊగింది.

"దయచేసి కెమెరాను కదలకుండా ఉంచండి," అంది ఆ గొంతు.

సెల్వి రెండు చేతులతో మళ్ళీ గట్టిగా పట్టుకుంది. పళ్ళ మధ్య పెదవిని నొక్కిపెట్టింది. కన్నీళ్ళు చెంపల మీదుగా కారి మెడలోకి దిగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అన్న ఎలా పోయాడో వింటోంది. అన్నా అని అరవడానికి లేదు. మొగుణ్ణి నిలదీయడానికి లేదు. అరిస్తే ఆ కుర్చీ పోతుంది, ఆ బెంచీ మిగులుతుంది. దేవుడా, ఇంత నిశ్శబ్దంగా ఏడవాల్సిన రోజు ఇంకే చెల్లెలికీ రాకూడదు.

"తర్వాత గొంతు చిన్నగా అయిపోయింది," అన్నాడు రాజమాణిక్యం. "అప్పుడు వాడు..."

పెరటి తలుపు దగ్గర బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వీధిలో నీళ్ళు అయిపోయాయి. ముందు తలుపు దగ్గర మనవరాలు అడ్డం కూర్చుందని, పొన్నమ్మ సందులోంచి తిరిగి పెరటివైపు వచ్చింది. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. తడిసిన కొంగు పిండుకుంటున్న చేతులు అలాగే ఆగిపోయి ఉన్నాయి.

సెల్వి తల్లిని చూసింది. వద్దు మా, మాట్లాడొద్దు, అని తల అడ్డంగా ఊపింది. ఫోను వైపు కళ్ళతో చూపించింది. పొన్నమ్మ కూతుర్ని చూడలేదు.

"కుడి పక్క నుంచి రాండి అనినాడా నా కొడుకు?" అంది.

ఫోనులో ఆ తియ్యని గొంతు వెంటనే పలికింది. ఈ గదిలో వేరొకరి స్వరం వినిపించినందువల్ల ఇంటర్వ్యూ ముగిసిందనీ, ఇంతసేపు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలనీ చెప్పింది. తెర నల్లబడింది. వీధి తలుపు దగ్గర నుంచి ప్రియంక పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

సెల్వి ఫోను ఒడిలో పెట్టుకొని భోరుమంది. అన్న కోసం ఏడుస్తోందో, ఇప్పుడే పోయిన ఉద్యోగం కోసం ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

రాజమాణిక్యం లేచి నిలబడ్డాడు.

"నిద్రలో పోలేదా మాపిళ్ళా?"

"లేదు అత్తా."

"యెవురూ పోలేదా వాని దగ్గిరికి?"

"యెవురూ పోలేదు అత్తా."

పొన్నమ్మ అరవలేదు. గుండెలు బాదుకోలేదు. గోడ పట్టుకొని నిదానంగా వచ్చి అల్లుడి ముందు నిలబడింది. ఆమె తల అతని ఛాతీ దాకా కూడా రాదు. మొహం పైకెత్తి చూసింది.

"వస్తా ఉండాము అంటివి కదా. మంచిపని చేసినావు. ఆ మాట విని కొంచెం ధైర్యంగా ఉండింటాడు," అంది. అంటూనే ఆమె గొంతులో ఏదో అనుమానం మొదలైంది. "యెవురూ రాలేదని, రారని, వానికి తెలీదు కదా నాయినా? తెలీకుండానే పోయినాడు కదా?"

రాజమాణిక్యానికి ఆ జవాబు తెలుసు. మునిరాజు ఆఖరున అన్న మాట, ఇందాక బిందె చప్పుడుకు నోట్లోనే ఆగిపోయిన మాట, అదే.